నల్లచుక్క విద్య

మొన్నీమధ్య మా మనవడు ప్రశాంత్ ఒక క్యాసెట్ కొనుక్కొచ్చాడు. చెవుల్లో తీగెలు పెట్టుకుని పడుకుంటే చాలట. నిద్రపోయినంతసేపూ అందులో ఒక పెద్దమనిషి మెత్తటి గొంతుతో ఏవో మంచి మాటలు చెబుతూ ఉంటాడట. లేచేసరికి మనిషిలోని పిరికితనం పోయి ధైర్యం, బద్ధకం పోయి చురుకుదనం వచ్చి కూర్చుంటాయట. "మనం చేసేది ఏం లేదవ్వా. బస్, పండుకునుడే" అన్నాడు. పండుకోవడంలో వాడికి ఒకరి దగ్గర శిక్షణ అవసరమని నాకు ఏనాడూ అనిపించలేదు. హోట్గి రోడ్డులోని మా కాలనీ మొత్తం మీద ఎండ నడినెత్తికి వచ్చాక పళ్ళు తోముకునేవాడు వాడొక్కడే. అలాంటివాడికి నిద్రలోనే పైకి రావచ్చని నేర్పినవాడెవడో దొరికితే నాలుగు తగిలించాలనిపించింది. నా వయసుకు తగని కోపమే. కాని ఆ వారమే మేము చిన్నమ్మ పెట్టె తెరిచి ఉన్నాం, అందుకని ఆపుకోలేకపోయాను.

చిన్నమ్మ అంటే మా నాయన తమ్ముడు సాంబయ్య కాక భార్య, రాజవ్వ. పిల్లలు లేరు. కాక పోయాక నా దగ్గరికే వచ్చి, ఇరవై ఏళ్ళు నాతోనే ఉండి, పోయిన నెల ఎవరినీ కష్టపెట్టకుండా కన్నుమూసింది. పదోరోజు అయిపోయాక ఆమె ట్రంకుపెట్టె తాళం తీశాం. రెండు చీరలు, ఒక అద్దం, పాత పత్రికలో చుట్టిన మరాఠీ పుస్తకం ఒకటి, దానిలోపల రూపాయి బిళ్ళంత నల్లచుక్క అచ్చువేసిన అట్ట ఒకటి, అన్నిటికీ అడుగున నాలుగు మడతలు పెట్టిన జానెడు తెల్లబట్ట. ప్రశాంత్ పుస్తకం మీద పడ్డాడు. రెండు పేజీలు తిరగేసి, "అవ్వా, ఈ విద్య మన ఇంట్లనే ఉండె గద! ఏక్‌దమ్ నా క్యాసెట్ల చెప్పిందే. ఎవరిది ఇది?" అని అరిచాడు. మీ ముత్తాత తమ్ముడిదిరా అంటే వాడి ముఖం వెలిగిపోయింది. బట్టను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అంచు కూడా కుట్టలేదు, దస్తీకి పనికిరాదు అని మా కోడలు పక్కన పడేయబోతే లాక్కున్నాను. ఆ జానెడు బట్ట సంగతి తెలిసినవాళ్ళలో బతికున్నది నేనొక్కదాన్నే.

అప్పట్లో మేము షోలాపూర్‌లోనే భవాని పేటలో ఉండేవాళ్ళం, కాకవాళ్ళూ మేమూ ఒకే ఇంట్లో. మా గల్లీ అంతా కరీంనగర్, వరంగల్ వైపు నుంచి బతకడానికి వచ్చిన సాలెవాళ్ళే. నల్లరాతి గోడలు, మట్టి మిద్దెలు, ప్రతి ఇంటి ముందుగదిలో గుంత తవ్వి దించిన మగ్గం. పొద్దున్నే గిర్ని భోంగా, అదే మిల్లు సైరను, కూసేసరికి మా నాయన మిల్లుకు వెళ్ళిపోయేవాడు. మా అమ్మ బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. గల్లీ పొడుగునా పడుగులు చాచి గంజి పెట్టేవాళ్ళు. పుల్లబడిన గంజి, ఆరుతున్న నూలు, ఎవరింట్లోనో దంచుతున్న పల్లీల కారం, ఈ మూడింటి వాసన కలిస్తే మా గల్లీ. ఇప్పటికీ ఇస్త్రీ చేసేవాడి బండి దగ్గర గంజి వాసన తగిలితే ఆగిపోతాను. గంజి పెట్టే పనికి గల్లీలో ప్రతి ఇంటి నుంచీ ఒక చెయ్యి రావాలి. ఎండ ముదిరేలోపు పడుగు మొత్తం దువ్వి ఆరబెట్టాలి, లేకపోతే పోగులు అంటుకుపోతాయి. ఎవరి పడుగైనా సరే, అందరూ వచ్చేవాళ్ళు. మా కాక తప్ప. ఆయనకు సరిగ్గా ఆ వేళకే కడుపులో నొప్పి వచ్చేది.

మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుపడిన నూలు విప్పుతూ గల్లీ మొత్తాన్ని చెవులతోనే చూసేది. మగ్గం మీద పేక పోగును దగ్గరికి కొట్టే పన్నె దెబ్బ ఉంటుంది చూడండి, అది ఒక్కొక్కరిది ఒక్కోలా పడుతుంది. "మల్లయ్యకు మోకాలు నొస్తున్నట్టుంది, ఎడమ కాలు సరిగ్గ తొక్కుతలేడు" అనేది. సాయంత్రం చూస్తే మల్లయ్య నిజంగానే కుంటుతూ వచ్చేవాడు. దెబ్బ చెవికి తెలిసినట్టే బట్టలో కంటికీ తెలుస్తుంది. ఒకరు మొదలుపెట్టిన బట్టను ఇంకొకరు నేస్తే, ఆ చోట అడ్డంగా సన్నటి చార పడుతుంది. పైన ఒక బిగువు, కింద ఒక బిగువు. దాన్ని మావాళ్ళు 'చెయ్యి మారింది' అనేవాళ్ళు. గల్లీలో చంటిపిల్లలు తప్ప అందరూ దాన్ని గుర్తుపట్టేవాళ్ళు. సాహుకారు దాకా వెళ్ళనక్కరలేదు, ఎదురింటి ముసలమ్మ చూసి చెప్పేది.

ఇక సాంబయ్య కాక. మనిషి అందగాడు, మాటకారి, మరాఠీ బడిలో నాలుగు దాకా చదివినవాడు. పని అంటే మాత్రం ఆయన ఒంటికి పడేది కాదు. గిర్నిలో మూడు రోజులు చేసి, భోంగా వల్ల తలనొప్పి వస్తోందని మానేశాడు. మగ్గం మీద కూర్చుంటే నాలుగు పోగులు వేసి లేచి నీళ్ళు తాగేవాడు, మళ్ళీ నాలుగు వేసి బీడీకి లేచేవాడు. స్నానం కూడా రెండు చెంబులతో ముగించేవాడు. భజనలో పెదాలు కదిపి ఊరుకునేవాడు, గొంతు పక్కవాళ్ళది. అన్నం కలిపి పెట్టేవాళ్ళు ఉంటే నమలడం కూడా వాళ్ళకే అప్పగించి ఉండేవాడని మా అమ్మ అనేది. అయినా అందరికంటే గొప్ప నేతగాడిని కావాలని, ఉస్తాద్ అనిపించుకోవాలని కోరిక మాత్రం బండెడు. కోరికకు ఖర్చు లేదు కదా.

అలాంటివాడికి టపాలో ఆ పుస్తకం వచ్చింది. ఎవరో ప్రొఫెసర్ రాశాడట. పన్నెండు పాఠాలు, ఒక అట్ట. అట్టను గోడకు తగిలించి, దాని మీది నల్లచుక్కను రెప్ప వేయకుండా చూస్తూ, కావలసినదాన్ని మనసులో గట్టిగా అనుకోవాలి. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి తానేం కావాలో అది అయిపోయినట్టే ఇరవై ఒక్కసారి చెప్పుకోవాలి. అంతే. మిగతాది విశ్వం చూసుకుంటుంది. మరునాటి నుంచి మా ఇంట్లో కోడి కూతతో పాటు "నేను ఉస్తాద్‌ను, నేను ఉస్తాద్‌ను" అని ఇరవై ఒక్కసార్లు వినిపించడం మొదలైంది. ఇరవై ఒకటి లెక్క చిన్నమ్మ పెట్టేది, ఆయనకు పన్నెండు దాటాక విసుగొచ్చేది.

"కష్టపడేటోడు గాడ్దె లెక్క కష్టపడుకుంటనే పోతడు. తలకాయల డోకం ఉన్నోడు సంకల్పం జేస్తడు. పని దానంతట అదే అయితది" అని ఒకరోజు నాయనమ్మకు బోధించాడు.

"దానంతట అదే అయితే మంచిదే గద రా" అంది నాయనమ్మ నూలు మీది నుంచి తల ఎత్తకుండా. "మరి మగ్గం కాడ ఎవడు కూసుంటడు?"

"నీకు సమజ్ కాదమ్మా."

"అవును బిడ్డా. నీ బువ్వ కూడ గా చుక్కనే పెడ్తదేమో అడుగు. నాకు కామ్ తక్కువైతది."

మగ్గం దగ్గర ఎవరు కూర్చుంటారన్న ప్రశ్నకు జవాబు వారంలోనే దొరికింది. కాక మా ఇంటి ముందుగది తలుపు మూసి గడియ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఏకాగ్రత చెడిపోకూడదని, తాను తలుపులు వేసుకునే నేస్తానని గల్లీలో చాటాడు. లోపలికి అనుమతి ఉన్నది ఇద్దరికే. ఒకరు చిన్నమ్మ, ఇంకొకరు రాట్నం మీద పేక నూలు కండెలు చుట్టే నేను. అప్పుడు నాకు తొమ్మిదో పదో. తలుపు పడ్డాక కాక చాప పరుచుకుని చుక్క ఎదురుగా పడుకునేవాడు. కూర్చుని చూడమని పుస్తకంలో ఉందట, కాని పడుకుంటే చుక్క ఇంకా బాగా కనిపిస్తుందని ఆయన సొంతంగా కనిపెట్టాడు. కాసేపటికి గురక. అంగడికి ఇవ్వాల్సిన చీర మగ్గం మీద అలాగే ఉండేది. రెండు రోజులు చూసింది చిన్నమ్మ. మూడోరోజు కొంగు నడుముకు చుట్టి గుంతలోకి దిగింది.

ఇందులో ఏముంది అని ఇప్పటివాళ్ళు అనుకోవచ్చు. మా గల్లీలో ఆడవాళ్ళు నూలు వడికేవాళ్ళు, కండెలు చుట్టేవాళ్ళు, గంజి పెట్టేవాళ్ళు, పోగు పోగూ అతికేవాళ్ళు. కాని మగ్గం గుంతలో ఆడదాని కాలు పడకూడదు. పడితే ఆ ఇంటి మగ్గానికి అరిష్టమని నమ్మేవాళ్ళు. చిన్నమ్మ తండ్రికి కొడుకులు లేరు. ఊళ్ళో ఎవరికీ తెలియకుండా ఈమెకే నేత నేర్పాడు. పెళ్ళయి షోలాపూర్ వచ్చాక ఆ చేతులు రొట్టెలు కొట్టడానికే పనికొచ్చాయి. ఆ రోజు ఆమె గుంతలో కూర్చుని, తొక్కుడు చెక్కల మీద కాళ్ళు ఆనించి, కండె పెట్టి పేక విసిరే నాడెను ఒకసారి అరచేతిలో తిప్పి చూసుకుంది. తర్వాత నేసింది. నేను రాట్నం ఆపేసి చూస్తూ ఉండిపోయాను. దెబ్బ, దెబ్బ, దెబ్బ. ఒకటి గట్టిగా ఒకటి మెల్లగా అని లేదు. అంచు గీత గీసినట్టు వచ్చింది. కాక లేచి చూసేసరికి మూరెడు బట్ట తయారై ఉంది, భార్య ఇంకా గుంతలోనే ఉంది.

కొడతాడనుకున్నాను. కాక కళ్ళు నులుముకుని, చుక్క వైపు ఒకసారి, బట్ట వైపు ఒకసారి చూసి, "జూసినవా?" అన్నాడు. "సంకల్పం నాది, చేతులు నీయి. నా మనసే నీ చేతులల్లకు దిగింది." ఆ మాట నమ్మే అన్నాడో, నమ్మినట్టు నటించాడో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఇంత సిగ్గులేని మాటను అంత సులువుగా అనగలిగినవాణ్ణి నేను మళ్ళీ ఇన్నేళ్ళలో చూడలేదు.

అలా రోజూ సాగింది. కాకను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు చిన్నమ్మతో, నువ్వు నేస్తుంటే ఆయన పేరు చెప్పుకుంటున్నాడు, నీకు కోపం రాదా అన్నాను. ఆమె నాడె ఆపలేదు.

"ఆయనను చుక్క జూసుకోనియ్యి బిడ్డా. ఆయనకు చుక్క దొరికింది, నాకు మగ్గం దొరికింది" అంది. కొంచెంసేపటికి మళ్ళీ తనే, "నూలు పున్నమి నాడు దేవుని బండి మీద నేస్తరు సూడు, పదిమంది జూస్తుంటె గట్ల కూసోని నేస్తె ఎట్లుంటదో" అంది. నేను పడీపడీ నవ్వాను. ఆడవాళ్ళు బండెక్కడమా అని. ఆమె కూడా నవ్వి, కండె ఇయ్యి, లవకర్, జల్ది, అని చెయ్యి చాపింది.

గల్లీకి మూసిన తలుపు వెనక నుంచి కొత్త దెబ్బ వినిపిస్తోంది. మంచి దెబ్బ. నాలుగు పోగులకోసారి ఆగేది కాదు. సాంబయ్య దెబ్బ మారిందే అని మగవాళ్ళు ఆశ్చర్యపోయారు. కొందరు బట్ట పట్టి చూసి తల ఊపారు. కాక బయటికి వచ్చి అరుగు మీద కాలు మీద కాలేసుకుని పుస్తకం సంగతి చెప్పేవాడు. సంవత్సరం తిరిగేలోపు ఆయన కోరుకున్న మాట గల్లీలో వినపడింది: ఉస్తాద్ సాంబయ్య. నాయనమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. తలుపు వెనక దెబ్బ పడుతున్నప్పుడు నూలు విప్పడం ఆపి వినేది. మధ్యాహ్నం చిన్నమ్మ బయటికి రాగానే రెండు రొట్టెలు ఎక్కువ వేసి పెట్టేది. అంతకంటే ఆమె చేసింది లేదు. అది కూడా చాలదని ఇప్పుడు అనిపిస్తుంది.

శ్రావణంలో నూలు పున్నమికి మా కులదేవుడు మార్కండేయ స్వామి ఊరేగింపు జరుగుతుంది. దేవుడి రథం ముందు ఒక ఎడ్లబండి, దాని మీద చిన్న చట్రం మగ్గం. ఊరేగింపు సాగినంతసేపూ ఒక నేతగాడు బండి మీద కూర్చుని స్వామి భుజాన వేసే సెల్లా నేస్తాడు. ఊరేగింపు గుడికి తిరిగి వచ్చేసరికి సెల్లా పూర్తి కావాలి, మగ్గం మీది నుంచి కోసి అప్పటికప్పుడే స్వామికి కప్పాలి. బండి మీద కూర్చోవడమంటే ఆ ఏడాదికి అంతకంటే పెద్ద గౌరవం లేదు. ఆ సంవత్సరం కులపెద్ద రాజలింగం తాత మా ఇంటికి వచ్చి ఆ పని సాంబయ్య కాకకు అప్పగించాడు. కాక వెంటనే ఒప్పుకున్నాడు. తనకు నాలుగు పోగులు వరసగా వేయడం రాదన్న సంగతి అప్పటికి నిజంగా మరిచిపోయినట్టున్నాడు. రోజుకు ఇరవై ఒక్కసారి ఉస్తాద్‌నని చెప్పుకుంటే మరి ఏమవుతుంది.

ఆచారం ప్రకారం బండెక్కే ముందు మొదటి జానెడు ఇంట్లోనే, పూజ చేసి నేయాలి. మగ్గం ముందురోజే మా ఇంటికి వచ్చింది. కాక పూజ చేసి కూర్చున్నాడు. ఒక పోగు తెగింది. అతికాం. ఇంకొకటి తెగింది. మూడోది తెగాక, "మొదలు చుక్క జూస్తె గాని కాదు" అని వెళ్ళి చాప మీద వాలాడు. చిన్నమ్మ ఆ పూట ఉపవాసం ఉంది. తల మీద నీళ్ళు పోసుకుని తడి చీరతోనే వచ్చి మగ్గం ముందు దండం పెట్టి కూర్చుంది. దేవుడి బట్ట కదా, పాపం తగలదా చిన్నమ్మా అన్నాను. "ఎవలు నేసిర్రో దేవునికి తెల్వదా" అంది. ఆ జానెడు నేయడానికి ఆమె ఎంతసేపు తీసుకుందో చెప్పలేను, చూస్తున్న నాకు కాలం తెలియలేదు. చివరి పోగు కొట్టాక దాన్ని వేలితో తడిమి, లేచి వెళ్ళి పొయ్యి అంటించింది.

మరునాడు బండి బయలుదేరింది. ఢోళ్ళు, తాషాలు, గులాలు. కాక పట్టంచు ధోవతి కట్టి, మెడనిండా పూలదండలతో మగ్గం ముందు కూర్చున్నాడు. కొంతం చౌక్ చేరేలోపే నాకు తెలిసిపోయింది, చుట్టూ ఉన్నవాళ్ళకూ తెలిసి ఉండాలి. నాడె రెండుసార్లు జారి కింద పడింది. దెబ్బ ఒకటి పడితే రెండోది ఎప్పుడు పడుతుందో ఆ స్వామికే తెలియాలి. ఆయన మాత్రం మధ్యమధ్య చెయ్యి ఆపి జనానికి నమస్కారాలు పెడుతూనే ఉన్నాడు. గుడికి వచ్చాక సెల్లా కోశారు. రాజలింగం తాత దాన్ని రెండు చేతుల మీద పరిచి, కళ్ళు మూసుకుని బొటనవేలు జరుపుకుంటూ వచ్చాడు. జానెడు దూరం పోయి వేలు ఆగింది. కళ్ళు తెరిచాడు. ఆ చార అంత స్పష్టంగా నేను ఎక్కడా చూడలేదు. దానికి పైన ముత్యంలాంటి బట్ట, కింద అంచు వంకరపోయి, పోగులు వదులై, జల్లెడ.

"ఈడ చెయ్యి మారింది" అన్నాడు తాత.

గుడిలో తలలన్నీ కాక వైపు తిరిగాయి. కాక మాత్రం తడబడలేదు. "చెయ్యి గాదు తాతా, జాగ మారింది. గా జానెడు ఇంట్ల తలుపేసుకొని ఏకాగ్రతల నేసిన. ఈడ బండి ఊగవట్టె, ఇంత మంది దృష్టి. అందుకే గదా నేను తలుపులేసుకుంటున్న! నా విద్యకు గా జానెడే సాక్ష్యం" అన్నాడు. తన పనికిమాలినతనాన్నే తన గొప్పతనానికి రుజువుగా చూపించాడు. జనంలో కొన్ని తలలు నిజమే అన్నట్టు ఊగాయి కూడా.

తాత తల మాత్రం ఊగలేదు. ఆడవాళ్ళ వరసలో పూజపళ్ళెం పట్టుకుని నిలబడ్డ నన్ను దగ్గరికి పిలిచాడు. "నువ్వు రోజు ఆ అర్రలనే కండెలు చుడ్తవు గద బిడ్డా. పిల్లలు దేవుని ముంగట అబద్ధమాడరు. ఈ జానెడు ఎవరు నేసిర్రు?"

నేను చిన్నమ్మను చూశాను. స్తంభం పక్కన నిలబడి ఉంది. కొబ్బరిచిప్పల పళ్ళెం చేతుల్లో ఉంది. రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది. చెప్పమనో వద్దనో తల కదపలేదు. నా చిన్న బుర్రకు తోచింది ఒకటే. నిజం చెబితే ఆడది మగ్గం ముట్టుకుందని, అందులోనూ దేవుడి మగ్గం ముట్టుకుందని గొడవ అవుతుంది, ఆమెను ఇక ఎప్పుడూ గుంతలోకి దిగనివ్వరు, ఆమెకు దొరికిన మగ్గం పోతుంది. అందుకని, "కాకే నేసిండు" అన్నాను. రెండే మాటలు. చిన్నమ్మ చూపు నా మీది నుంచి తీసి పళ్ళెం వైపు తిప్పుకుంది. తాత జానెడు భాగం ముందుకు కనిపించేలా మడిచి స్వామికి కప్పించాడు.

ఆమె మగ్గాన్ని కాపాడానని నేను పొంగిపోయాను. కాపాడింది ఏమీ లేదు. పండుగ దాటిన పదిహేను రోజులకే కాక దగ్గరికి జనం రావడం మొదలైంది. దేవుడి ముందే రుజువైన విద్య కదా. గల్లీలోనూ పక్క పేటల్లోనూ పనికి ఒళ్ళు వంగని ప్రతి మగవాడికీ ఆ చుక్క కావలసి వచ్చింది. వాళ్ళు కూర్చోవడానికి చోటు చాలక కాక మగ్గం విప్పించి పక్క గల్లీవాళ్ళకు ఇచ్చేశాడు. గుంతను మట్టితో పూడ్చారు. దాని మీద పేడతో అలికింది చిన్నమ్మే. అలుకుతుంటే నేను గడపలో నిలబడ్డాను. ఆమె ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. మరునాటి నుంచి మా అమ్మ పక్కన బీడీల చాట పట్టుకుని కూర్చుంది. మళ్ళీ జన్మలో నాడె ముట్టుకోలేదు. కాక శిష్యులు రెండు మూడేళ్ళలో జారిపోయారు, ఒక్కడు కూడా నేతగాడు కాలేదు. అయినా కాకకు పోయింది ఏమీ లేదు. ఆమె చుట్టిన బీడీల మీద బతికి, గురువుగారనిపించుకుని, మెత్తటి పరుపు మీద పోయాడు. మా కుల సంఘం హాలులో ఇప్పటికీ ఆయన ఫోటో ఉంది, 'సంకల్పసిద్ధుడు' అని రాసి.

స్వామికి కప్పిన సెల్లాను ప్రసాదంగా నేసినవాడి ఇంటికే ఇస్తారు. కాక దాన్ని తలకు రుమాలుగా చుట్టుకుని నాలుగు రోజులు తిరిగాడు. ఐదో రోజు ఒక కొస పొట్టిదైందని గొడవ చేశాడు. ఎలుకలు కొట్టి ఉంటాయి అంది చిన్నమ్మ, రొట్టె కొడుతూ. నేనూ ఎలుకలే అనుకున్నాను, మొన్న పెట్టె తెరిచేదాకా.

ఆ జానెడు బట్టను కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూశాను. కత్తిరించిన చోట నా వేలు ఆగిపోయింది. ఆమె తన నేత మాత్రమే కావాలనుకుంటే సరిగ్గా చార దగ్గరే కత్తిరించి ఉండేది. అలా కత్తిరించలేదు. చారకు రెండు వేళ్ళు కిందికి కోసింది. ఆ రెండు వేళ్ళ మేర కాక నేసిన జల్లెడ ఉంది. పైన తన చెయ్యి, కింద అతని చెయ్యి, మధ్యలో చార. ఎవరైనా ఏనాడైనా చూస్తే తెలియాలని ఆ సాక్ష్యాన్ని అన్నేళ్ళు పెట్టె అడుగున దాచింది. అంటే ఆ రోజు స్తంభం పక్కన నిలబడి నన్ను చూసిన చూపు వద్దని కాదు. చెప్పమని. పదిమందిలో ఒక్కసారి తన పేరు వినపడితే చాలు, తర్వాత మగ్గం పోతే పోనీ అని. ఇరవై ఏళ్ళు నా ఇంట్లో, నా పక్క మంచం మీద పడుకుంది. ఒక్కనాడు, చిన్నమ్మా, ఆ రోజు నన్నెందుకు అలా చూశావు అని అడగలేదు నేను. అడగడానికి నోరు తెరిస్తే సరిపోయేది. కాకను ఇంతసేపు తిట్టాను కదా, ఆ మాత్రం శ్రమ నేనూ పడలేదు.

ఇప్పటికైనా చెప్పాలని పోయిన ఆదివారం రిక్షా కట్టించుకుని సంఘం హాలుకు వెళ్ళాను. ఇప్పటి అధ్యక్షుడు పవర్‌లూమ్‌లు ఉన్న కుర్రవాడు, మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. బట్ట అతని చేతిలో పెట్టి, దీన్ని చూసి ఏం కనిపిస్తుందో చెప్పు నాయనా అన్నాను. అతను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వెలుతురుకు పెట్టి చూశాడు. చార మీది నుంచి అతని బొటనవేలు రెండుసార్లు పోయింది, ఆగలేదు.

"మస్త్ ఉందవ్వా. ఏ గిర్నిది?" అన్నాడు.

నేను మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. నూలు పున్నమి, బండి, తాత అడిగిన మాట, నేను చెప్పిన అబద్ధం, అన్నీ. ఈ జానెడు నేసింది సాంబయ్య కాదు, రాజవ్వ అని గట్టిగానే చెప్పాను. హాలులో పేకాడుతున్నవాళ్ళు కూడా తల తిప్పి చూశారు. అతను శ్రద్ధగా విని, "అట్లనా! అయితే ఫ్రేమ్ కట్టిద్దాం. గురువుగారి ఫోటో కింద పెడ్దాం" అన్నాడు.

"ఆయనది కాదని చెబుతున్నాను కదా నాయనా."

"ఒక్కటే గదవ్వా. ఆయన భార్యనే గద."

చాయ్ సగంలో వదిలేసి, బట్ట తీసుకుని వచ్చేశాను. ఆ రోజుల్లో మా గల్లీవాళ్ళు చదువురానివాళ్ళు, మూఢనమ్మకాలవాళ్ళు, ఆడదాని కాలు పడితే మగ్గానికి అరిష్టమనుకున్నవాళ్ళు. కాని బట్ట పట్టుకుంటే ఎవరి చెయ్యో చెప్పేవాళ్ళు. నేను ఒక్క మాట నిజం చెప్పి ఉంటే తిట్టేవాళ్ళేమో, వెలివేసేవాళ్ళేమో, కాని ఆ జానెడు ఆమెదేనని ప్రతి ఒక్కరికీ తెలిసిపోయేది. ఇప్పుడు తిట్టేవాళ్ళూ లేరు, తెలిసేవాళ్ళూ లేరు. చేతులు చేసే పని పోయింది, చుక్క మాత్రం క్యాసెట్ అయి నా ఇంట్లోకే వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి ప్రశాంత్ సోఫాలో పడుకుని ఉన్నాడు. ఆ నల్లచుక్క అట్టను గోడకు అంటించేశాడు కూడా. దాని కిందే కూర్చుని వాడితో చెప్పాను. నేను పోయినప్పుడు ఈ జానెడు బట్ట నా ముఖం మీద కప్పండి, ఇదేమిటని ఎవరడిగినా, రాజవ్వ నేసింది అని చెప్పండి, అంతకుమించి మీరేం చేయనక్కరలేదు అన్నాను. వాడు కళ్ళు తెరవకుండా, చెవుల్లోంచి తీగెలు తీయకుండా, సరేనన్నట్టు తల ఊపాడు.